కెమెరాకి దొరకని డ్రైవింగ్

మీ ప్రశ్నలో నాకు మూడు విషయాలు కనిపించాయి. సినిమాల్లోనూ గేముల్లోనూ చూసే డ్రైవింగ్‌లో ఎంత నిజం ఉంది, అవి చూస్తూ పెరిగినవాళ్లకి రోడ్డు మీద వాటివల్ల ఏమైనా ఉపయోగం ఉందా, కార్లంటే ప్రాణం పెట్టే మనిషి ఆటోమేటిక్ గేర్ల కారు కొనుక్కుంటే తప్పా. లైసెన్స్ వచ్చి మూడు నెలలే అయిందనీ, చిన్నప్పటి నుంచి కార్ ఛేజింగులు చూసి ఈ పిచ్చి పెంచుకున్నాననీ కూడా రాశారు. నేనూ అదే దారిలో వచ్చినవాణ్ణి. ఇరవై ఆరేళ్లుగా బండి నడుపుతున్నాను. అందులో పన్నెండేళ్లు, సెలవు దొరికినప్పుడల్లా రేస్ ట్రాక్ మీదే గడిపాను. కొత్తవాళ్ల పక్కన కూర్చుని నేర్పాను కూడా. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. బాగా నడపడం అనేది కెమెరాకి దొరకదు. మంచి డ్రైవర్ పక్కన కూర్చున్నప్పుడు గమనించండి, అసలు ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. బ్రేక్ ఎప్పుడు పడిందో తెలియదు. గేర్ ఎప్పుడు మారిందో తెలియదు. మలుపులో ఒళ్లు మెల్లగా ఒక పక్కకి ఒరిగి, మళ్లీ అంతే మెల్లగా నిటారుగా వస్తుంది. మనం మాట్లాడుతున్న మాట మధ్యలో తెగదు. దీన్ని తెర మీద చూపిస్తే చూసేవాళ్లకి నిద్రొస్తుంది. అందుకని సినిమా వేరేది చూపిస్తుంది. టైర్లు అరుస్తాయి, వెనక భాగం జారుతుంది, పొగ లేస్తుంది, స్టీరింగ్ మీద చేతులు గిరగిరా తిరుగుతాయి. ఇవన్నీ బండి పట్టు తప్పినప్పుడో, తప్పబోతున్నప్పుడో కనిపించే గుర్తులు. ఏళ్ల తరబడి వాటినే చూస్తే, పట్టు తప్పడమే గొప్ప డ్రైవింగ్ అన్న భావన మనకి తెలియకుండానే లోపల పాతుకుపోతుంది. నాలోనూ పాతుకుపోయింది. దాన్ని వదిలించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆ కథ కిందకొచ్చాక చెప్తాను.

చిన్న అబద్ధంతో మొదలుపెడదాం. సినిమాలో హీరో బండి నడుపుతూ, పక్క సీట్లో ఉన్న మనిషి కళ్లలోకి చూస్తూ నాలుగైదు సెకన్లు మాట్లాడతాడు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. రెండు సెకన్లు పక్కకి చూస్తే 55 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. నాలుగు సెకన్లయితే ఒక ఫుట్‌బాల్ మైదానం పొడవు దాటేస్తారు. ఆ నటుడికి ఏమీ కాదు. చాలాసార్లు ఆ కారు ఎత్తు తక్కువున్న ట్రైలర్ మీద ఎక్కించి ఉంటుంది, ముందున్న బండి దాన్ని లాక్కెళ్తుంటుంది. లేదంటే స్టూడియోలో కదలకుండా నిలబడి ఉంటుంది, కిటికీల అవతల తెర మీద రోడ్డు పరుగెడుతుంది. తిన్నగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్‌ని అటూ ఇటూ ఊపడం కూడా అక్కడి నుంచి వచ్చిన అలవాటే. నిజంగా ఆ వేగంలో అలా ఊపితే బండి లేన్‌లో ఉండదు. కొత్తవాళ్ల పక్కన కూర్చున్నప్పుడు నేను ముందు సరిచేసేది ఈ రెండే. మాట వినడానికి మొహం తిప్పక్కర్లేదు, చెవులు పక్కనే ఉన్నాయి. స్టీరింగ్‌ని వదిలేయకూడదు, నొక్కిపట్టకూడదు. తిన్నటి రోడ్డు మీద బండి తన దారిన తాను పోతుంది, మీరు దానికి తోడుండాలంతే.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన సినిమా 1998లో వచ్చిన ‘రోనిన్’. దర్శకుడు జాన్ ఫ్రాంకెన్‌హైమర్ వేగాన్ని దొంగచాటుగా చూపించకూడదని పట్టుబట్టాడు. కుడివైపు స్టీరింగ్ ఉన్న కార్లు తెప్పించి, కుడి సీట్లో స్టంట్ డ్రైవర్ నిజంగా నడుపుతుంటే, ఎడమ సీట్లో నటుడి ముందు ఉత్తుత్తి స్టీరింగ్ పెట్టించాడు. ఆ డ్రైవర్లలో ఒకప్పుడు ఫార్ములా వన్‌లో పోటీపడిన జాన్-పియేర్ జారియే కూడా ఉన్నాడు. ఆ సన్నివేశాలు మళ్లీ చూసినప్పుడు కార్లని వదిలేసి నటుల మొహాలు మాత్రమే చూడండి. డైలాగులు దాదాపు లేవు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. మెడ బిగిసి ఉంది. వేగం నిజమైనప్పుడు మనిషి మొహం అలాగే ఉంటుంది. నటన వల్ల వచ్చిన బిగువు కాదది.

ఛేజింగులకి తాత అనదగ్గ ‘బుల్లిట్’ (1968) గురించి కూడా చెప్పాలి. శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో ఒక ఆకుపచ్చ ఫోర్డ్ ముస్టాంగ్, ఒక నల్ల డాడ్జ్ చార్జర్, దాదాపు పదకొండు నిమిషాలు. జాగ్రత్తగా చూస్తే అదే ఆకుపచ్చ ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని ఆ కార్లు మళ్లీ మళ్లీ ఓవర్‌టేక్ చేస్తుంటాయి. ఒకే మలుపుని వేరువేరు కెమెరాలతో తీసి ముక్కలు అతికించారు కాబట్టి అలా జరిగింది. చార్జర్‌కి ఊడిపోయిన వీల్ క్యాపుల్ని లెక్కపెడితే దానికున్న చక్రాల కన్నా ఎక్కువ వస్తాయి. ఆ సినిమాకి ఎడిటింగ్‌లో ఆస్కార్ వచ్చింది, రావలసిందే. ఇన్ని అతుకులున్నా నాకు అది ఎందుకిష్టమంటే, అసలు తరుముడు మొదలవగానే సంగీతం ఆపేశారు. ఆ తర్వాత వినిపించేది ఇంజిన్, టైర్లు, అంతే. కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు సినిమాల నుంచి నేర్చుకోదగ్గది ఒకటుందంటే అది ఇదే, బండిని వినడం. నేనిప్పటికీ కొత్త కారు నడిపేటప్పుడు మొదటి అరగంట పాటలు పెట్టను. ఇంజిన్ ఎక్కడ హాయిగా తిరుగుతోంది, ఎక్కడ ఆయాసపడుతోంది, కింద టైరు ఏ రోడ్డు మీద ఎలా మోగుతోంది, ఇవన్నీ చెవికి తెలిశాక సగం పరిచయం అయిపోయినట్టే. టైరు అరుపు గురించి ఒక మాట: గట్టి తారు మీదో, కాంక్రీటు మీదో రబ్బరు జారితేనే కీచుమంటుంది. మట్టిరోడ్డు మీద, ఇసకలో కూడా టైర్లు కీచుమంటున్నాయంటే ఆ శబ్దం తర్వాత కలిపిందే.

ఇప్పుడు డ్రిఫ్టింగ్, అంటే మలుపులో బండి వెనక భాగాన్ని కావాలనే జారించడం. మీ ప్రశ్నలో ఎక్కువ ఉత్సాహం దీని మీదే కనిపించింది, కాబట్టి నా అనుభవం దాచకుండా చెప్తాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. వాన వెలిసిన సాయంత్రం, కొండ దిగే మలుపుల రోడ్డు, ముందు చక్రాలు లాగే చిన్న కారు. ఒక మలుపులోకి ఉండాల్సిన దానికన్నా వేగంగా వెళ్లాను. సగంలో భయం వేసింది. భయం వేస్తే అందరూ చేసేదే నేనూ చేశాను, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. మరుక్షణం వెనక భాగం బయటికి విసురుకుంది. స్టీరింగ్ ఎటు తిప్పానో గుర్తులేదు. బండి ఎదురు లేన్ దాటి, వచ్చిన వైపుకి తిరిగి, గట్టుకి ఆనుకుని ఆగింది. ఎదురుగా ఇంకో బండి లేకపోవడం ఒక్కటే నన్ను కాపాడింది. నిజం చెప్పాలంటే, ఆ రోజుకి ముందు నేను ఖాళీ స్థలాల్లో హ్యాండ్‌బ్రేక్ లాగి బండిని తిప్పడం సాధన చేసినవాణ్ణి. బండి జారితే పట్టుకోగలను అన్న నమ్మకం నాకుండేది. నా అంతట నేను జారించడం వేరు, అదే జారడం వేరు. రెండోదానికి మనకి దొరికే టైమ్ సెకను కన్నా తక్కువ.

ఏం జరిగిందో కొన్ని నెలల తర్వాత ట్రాక్ మీద ఒక శిక్షకుడు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఒక టైరు రోడ్డుని తాకే జాగా ఇంచుమించు మన అరచేతంత. నాలుగు అరచేతులంత రబ్బరు మీద వెయ్యి కిలోల పైన బరువున్న బండి నిలబడి ఉంది. ఆ రబ్బరుకి ఉన్న పట్టు జేబులో డబ్బు లాంటిది. బ్రేక్‌కి ఖర్చుపెట్టింది మలుపుకి మిగలదు, మలుపుకి ఖర్చుపెట్టింది బ్రేక్‌కి మిగలదు. పైగా ఆ డబ్బు నాలుగు చక్రాల మధ్య అటూ ఇటూ మారుతూ ఉంటుంది. బ్రేక్ వేసినా, యాక్సిలరేటర్ వదిలినా బరువు ముందు చక్రాల మీదకి వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. మలుపు మధ్యలో, తడి రోడ్డు మీద, వెనక చక్రాలకి పట్టు అంతంత మాత్రంగా ఉన్నప్పుడు నేను వాటిని ఇంకా తేలిక చేశాను. అవి వదిలేశాయి. అంతే జరిగింది. మలుపు రాకముందే, బండి తిన్నగా ఉండగానే వేగం తగ్గించుకుని, మలుపులో పాదాన్ని నిలకడగా ఉంచి, బయటికి వచ్చేటప్పుడు మెల్లగా పెంచుకుని ఉంటే అది నాకు గుర్తుండని మలుపై ఉండేది.

డ్రిఫ్ట్ చేస్తే మలుపు త్వరగా దాటవచ్చు అనుకునేవాళ్లు చాలామంది. తారు రోడ్డు మీద అది తప్పు. టైరు కొద్ది డిగ్రీలు జారుతున్నప్పుడు పక్కకి గరిష్ఠమైన పట్టు ఇస్తుంది, అంతకు మించి జారితే పట్టు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అందుకే సర్క్యూట్ రేసుల్లో ముందున్న కారు పట్టాల మీద వెళ్తున్నట్టు ఉంటుంది, వెనకబడుతున్న కారే జారుతుంటుంది. కంకర మీద, మంచు మీద సంగతి వేరు. అక్కడ పైపొర వదులుగా ఉంటుంది కాబట్టి ర్యాలీ డ్రైవర్లు బండిని ముందే అడ్డంగా తిప్పి మలుపులోకి తీసుకెళ్తారు, అది అవసరం. ఇక డ్రిఫ్టింగ్ పోటీలు మరో లోకం. అక్కడ గడియారం చూడరు, కారు వెళ్లిన దారి, జారిన కోణం, శైలి చూసి జడ్జీలు మార్కులేస్తారు. ఆ డ్రైవర్ల మీద నాకు చాలా గౌరవం. మీకు ఇష్టముంటే మూసి ఉన్న ట్రాక్ మీద, తడిపిన స్థలంలో, శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. తప్పకుండా నేర్చుకోండి అంటాను, ఎందుకంటే బండి జారడం మొదలైన ఆ మొదటి క్షణాన్ని ఒంటితో గుర్తుపట్టడం అక్కడే వస్తుంది. మామూలు రోడ్డు మీద మాత్రం వద్దు, అర్ధరాత్రి ఖాళీగా ఉన్నా వద్దు.

డ్రిఫ్టింగ్ పిచ్చిని ప్రపంచమంతా పాకించిన వాటిలో షుయిచి షిగెనో గీసిన జపాన్ మాంగా (బొమ్మల కథ) ‘ఇనిషియల్ డి’ ఒకటి. 1995 నుంచి 2013 దాకా వచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్ ఉన్న పాత టయోటా ఏఈ86లో ఒక కుర్రాడు కొండ మీదకి రోజూ టోఫు డెలివరీ చేస్తుంటాడు. అది చదివిన లక్షలమందికి జారుతున్న కారే గుర్తుండిపోయింది. నాకు మాత్రం అందులో ముఖ్యమైనది నీళ్ల కప్పు. తండ్రి కారులో నీళ్లు నింపిన కప్పు పెడతాడు, అది ఒలకకుండా వెళ్లి రావాలి. బరువు ఎటు మారుతోందో, ఎంత త్వరగా మారుతోందో ఆ నీళ్లు చెప్పేస్తాయి. కథలో మిగతాది ఎంత కల్పన అయినా ఇది మాత్రం అసలైన పాఠం. నేను కొత్తవాళ్లతో ఇదే చేయిస్తాను. ఖాళీ స్థలంలో, పక్క సీట్లో నేను సగానికి పైగా నీళ్లున్న గ్లాసు పట్టుకుంటాను. నలభై కిలోమీటర్ల వేగం కూడా అక్కర్లేదు. మొదటి రోజు నా ప్యాంటు తడవని శిష్యుడు నాకింకా దొరకలేదు. నాలుగో రోజుకి వాళ్ల పాదం మారిపోతుంది. ఆ కథ నుంచి నేను తీసుకున్న ఇంకో సంగతి, తక్కువ పవరున్న కారులోనే నడపడం బాగా వస్తుంది. పెద్ద ఇంజిన్ మన తప్పుల్ని కప్పేస్తుంది. మలుపులో వేగం పోగొట్టుకున్నా బయటికి రాగానే తొక్కి తెచ్చేసుకోవచ్చు. చిన్న ఇంజిన్ అలా కప్పదు, పోగొట్టుకున్న వేగం తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. అది మనకి తెలిసొస్తుంది.

స్టంట్ల సంగతి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. 1974 నాటి బాండ్ సినిమా ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’లో ఒక ఏఎంసీ హార్నెట్ కారు విరిగిన వంతెన మీద నుంచి గాల్లోకి లేచి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, అవతల ఒడ్డున నాలుగు చక్రాల మీద దిగుతుంది. చూసినవాళ్లు అదేదో ధైర్యం అనుకుంటారు. దాని వెనక ఉన్నది లెక్క. అమెరికాలోని కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీలో కంప్యూటర్ మీద ఆ గెంతుని ముందే లెక్కగట్టారు. బరువు సమంగా ఉండాలని స్టీరింగ్‌ని కారు మధ్యకి మార్చారు. వేగం గంటకి 64 కిలోమీటర్లు, అటూ ఇటూ అయితే కుదరదు. మొదటి టేక్‌లోనే అయిపోయింది. సినిమా చరిత్రలో అంత పేరున్న గెంతుకి కావలసిన వేగం 64 కిలోమీటర్లు అన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. నేను కలిసిన స్టంట్ డ్రైవర్లందరూ మామూలు రోడ్డు మీద చాలా నెమ్మదైన మనుషులు. టైరులో గాలి తామే చూసుకుంటారు, బెల్టు రెండుసార్లు లాగి చూసుకుంటారు.

బెల్టు అంటే గుర్తొచ్చింది. హీరోలు బెల్టు పెట్టుకోరు. మూడు చోట్ల బిగించే సీటు బెల్టుని వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తయారుచేశాడు, ఆ పేటెంటుని మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో వదిలేసింది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గోడకి కొట్టుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మీద నుంచి నేల మీద పడటంతో సమానం. ఎయిర్‌బ్యాగ్ ఉందిగా అనకండి, బెల్టు పెట్టుకున్న ఒంటిని దృష్టిలో పెట్టుకునే అది తయారైంది. వెనక సీట్లో వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఇంకో అబద్ధం, గుద్దుకోగానే కారు పేలిపోవడం. ద్రవంగా ఉన్న పెట్రోలు అలా పేలదు, దాని ఆవిరి గాలితో సరైన పాళ్లలో కలిసి నిప్పు తగలాలి. మంటలు రావచ్చు, సినిమాలోలాగా బాంబులా పేలడం దాదాపు ఉండదు. ఈ అపోహ ప్రమాదకరం కాబట్టే చెప్తున్నాను. బండి పేలుతుందని భయపడి, దెబ్బ తగిలిన మనిషిని బయటికి లాగేస్తారు. మంట లేకపోతే, వేరే ముప్పు లేకపోతే, కదపకుండా సాయం వచ్చేదాకా ఉంచడమే మంచిది. మెడకో వెన్నెముకకో దెబ్బ తగిలి ఉంటే లాగడం వల్ల శాశ్వతంగా నష్టం జరగొచ్చు.

ఇక మీ ఆటోమేటిక్ ప్రశ్న. సినిమా రేసుల్లో ఒక అలవాటుంది. ఇద్దరూ పక్కపక్కన పూర్తి వేగంతో వెళ్తుంటారు, హీరో పళ్లు బిగించి ఇంకో గేరు వేస్తాడు, కారు ముందుకి దూకుతుంది. నిజమైన రేసులో తిన్నటి రోడ్డు మీద పాదం అప్పటికే నేలకి ఆని ఉంటుంది, దాచిపెట్టుకున్న గేరు ఏదీ ఉండదు. డబుల్ క్లచ్ అని, అంటే ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కడాన్ని, పెద్ద విద్యలా చెప్తారు. గేర్‌బాక్స్‌లో సింక్రోమెష్ (గేర్ల వేగాల్ని దానంతట అదే కలిపే అమరిక) లేని రోజుల్లో అది అవసరం. 1928లో కాడిలాక్ సింక్రోమెష్ తెచ్చింది, తర్వాత మెల్లగా అన్ని కార్లలోకీ వచ్చింది. మీ కారులో పై గేరు వేయడానికి డబుల్ క్లచ్ చేస్తే టైమ్ వృథా అవుతుంది, అంతకు మించి ఏమీ రాదు. కింది గేరు వేసేటప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎంని (నిమిషానికి అది తిరిగే చుట్లని) చక్రాల వేగానికి కలపడం మాత్రం నిజంగా పనికొచ్చే విద్య. క్లచ్ వదలగానే బండి కుదుపుకోకుండా ఉంటుంది.

గేర్ రాడ్ అంటే కెమెరాకి ప్రేమ. చెయ్యి కదులుతుంది, చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. కానీ రేసింగ్ ఆ రాడ్‌ని ఎప్పుడో వదిలేసింది. 1989లో ఫెరారీ స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో (వేళ్లతో లాగే చిన్న మీటలతో) గేర్లు మార్చే కారుని ఫార్ములా వన్‌కి తెచ్చింది, బ్రెజిల్‌లో మొదటి రేసే వాళ్ల డ్రైవర్ నైజెల్ మాన్సెల్ గెలిచాడు. కొన్నేళ్లకల్లా అందరూ ఆ దారికే వచ్చారు. కాబట్టి మాన్యువల్ నడిపితేనే అసలు డ్రైవర్ అన్న మాటలో నాకు నమ్మకం లేదు. నాకు మాన్యువల్ అంటే ఇష్టం, ఇప్పటికీ ఇంట్లో ఒకటి ఉంచుకున్నాను. కింది గేరు సరిగ్గా కలిసినప్పుడు అరికాలికి తెలిసే ఆ మెత్తదనం నాకు ఇంకెక్కడా దొరకదు. అది ఆనందం, అర్హత కాదు. నడిపే సామర్థ్యం కళ్లలో, కుడి పాదంలో, చేతుల్లో ఉంటుంది. లైసెన్స్ వచ్చి మూడు నెలలే అయినవాళ్లు రోజూ ట్రాఫిక్‌లో వెళ్లాల్సి వస్తే, ఆటోమేటిక్ వల్ల మనసు రోడ్డు మీద పెట్టడానికి తీరిక దొరుకుతుంది. నా సలహా, మాన్యువల్ నేర్చుకుని ఉంచుకోండి, కారు మాత్రం మీ రోజువారీ అవసరానికి తగ్గట్టు తీసుకోండి. గేర్‌బాక్స్ కన్నా డాష్‌బోర్డు చూసి టెన్షన్ పడమంటాను. ఏసీ, వైపర్లు, అద్దాల మీద ఆవిరి తుడిచే స్విచ్ ఇవి చేత్తో తడిమితే దొరకాలి. వేడి తగ్గించడానికి టచ్ స్క్రీన్‌లో మూడు చోట్ల నొక్కాల్సిన కారు ఎంత అందంగా ఉన్నా నేను కొనను. పైన చెప్పిన 55 మీటర్ల లెక్క అక్కడా పనిచేస్తుంది.

సినిమా వల్ల పేరొచ్చిన కారు అనగానే మంచి కారు అనుకోకండి. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమాలో టైమ్ మెషిన్‌గా ప్రసిద్ధమైన డెలోరియన్ కారుకి అమెరికాలో అమ్మిన రకంలో 130 హార్స్‌పవర్ ఇంజిన్ ఉండేది, ఆ రోజులకి కూడా అది స్పోర్ట్స్ కారు అనదగ్గ వేగం కాదు. 1985లో సినిమా వచ్చేసరికి, కంపెనీ దివాలా తీసి మూడేళ్లయింది. సినిమాలో అది కాలాన్ని దాటాలంటే గంటకి 88 మైళ్లు, అంటే దాదాపు 142 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అప్పటి అమెరికా నియమాల వల్ల ఆ కారు స్పీడోమీటర్‌లో అంకెలు 85 మైళ్లతోనే ఆగిపోయేవి. అయినా ఆ స్టీలు ఒళ్లు, పైకి లేచే తలుపులు చూస్తే నాకిప్పటికీ గుండె ఆగుతుంది. పోస్టరుగా ప్రేమించే కారు వేరు, పొద్దున్నే తాళం తిప్పి బయల్దేరే కారు వేరు. రెండూ ఉండొచ్చు.

గేముల విషయంలో నేను చాలామంది పెద్దవాళ్లలా కొట్టిపారేయను. జాన్ మార్డెన్‌బరో అనే కుర్రాడు ‘గ్రాన్ టురిస్మో’ గేమ్ ఆడి, 2011లో దాని పోటీ గెలిచి, 2013లో లే మాన్ 24 గంటల రేసులో తన క్లాసులో మూడో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు. స్టీరింగ్, పెడల్స్ పెట్టుకుని ఆడే మంచి సిమ్యులేటర్ నిజంగా నేర్పుతుంది. ఎక్కడ బ్రేక్ వేయాలి, మలుపులో ఏ దారి పట్టాలి, వెనక భాగం జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలి, చూపు ఎంత ముందుండాలి, ఇవన్నీ వస్తాయి. నా శిష్యుల్లో సిమ్యులేటర్ ఆడినవాళ్లు ట్రాక్ మీద చూపు నిలపడం త్వరగా పట్టుకున్నారు. రానిది ఒంటి భాష. నిజమైన కారులో ముందు నడుముకి తెలుస్తుంది, తర్వాతే కంటికి. గేములో నడుముకి ఏమీ తెలియదు. ఇంకా పెద్ద లోటు, గేములో ఎదుటివాళ్లందరూ రేసర్లే. రోడ్డు మీద సైకిల్ మీద పిల్లాడుంటాడు, బంతి వెనక పరుగెత్తేవాడుంటాడు, ఫోన్ చూస్తూ రోడ్డు దాటేవాడుంటాడు. వాళ్లు ఏం చేస్తారో ముందే ఊహించడం ఏ సిమ్యులేటరూ పూర్తిగా నేర్పదు. ఓడిపోతే మళ్లీ మొదలుపెట్టే బటన్ అలవాటైన మెదడు, రోడ్డెక్కాక కూడా ఆ బటన్ ఉందన్నట్టే ఒక అరగంట నడిపిస్తుంది. అందుకే ఆట ముగించి వెంటనే కారు తీయకండి, కాసేపు ఆగండి.

వేగం గురించి ఒక్క లెక్క ఇస్తాను. గంటకి 70 కిలోమీటర్లలో వెళ్తున్న కారు, 100లో వెళ్తున్న కారు పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే చోట, ఒకే బలంతో బ్రేక్ వేశాయి. మొదటిది సరిగ్గా ఆగిపోయిన చోట, రెండోది ఇంకా దాదాపు 71 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ముప్పై కిలోమీటర్ల తేడా కదా అనిపిస్తుంది, కానీ ఆపడానికి కావలసిన దూరం వేగానికి కాదు, దాని వర్గానికి (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదానికి) తగ్గట్టు పెరుగుతుంది. తెలిసిన తర్వాత ఈ లెక్క నా పాదానికి నిత్యం అడ్డుపడుతూనే ఉంది. దానికి ఎదురుగా లాభమేమిటో చూడండి: పది కిలోమీటర్లు 80లో కాకుండా 100లో వెళ్తే మిగిలేది నిమిషంన్నర.

ఇక మీరు వచ్చే ఆరు నెలలు ఏం చేయాలో చెప్తాను. ముందు కూర్చోవడం సరిచేసుకోండి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి, బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. సినిమా హీరోల్లా వెనక్కి వాలి, ఒక్క చెయ్యి స్టీరింగ్ పైన పెట్టి కూర్చుంటే అవసరమైనప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కడానికి బలం సరిపోదు. చూపు ముందున్న కారు డిక్కీ మీద కాకుండా దాని అద్దాల గుండా ఆ ముందు బండి మీద పెట్టండి. ఖాళీగా ఉన్న సురక్షితమైన చోట ఒక్కసారైనా ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేంత గట్టిగా బ్రేక్ తొక్కి చూడండి. పెడల్ కాలి కింద గడగడలాడుతుంది, బెదిరి కాలు తీసేయకూడదని అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత రోజూ సాధన చేయాల్సింది ఒక్కటి, ఆపడం. బండి ఆగే చివరి అరమీటరులో బ్రేక్ మీద బరువు కొంచెం వదలండి. సరిగ్గా చేస్తే పక్కనున్నవాళ్ల తల ముందుకి ఊగి వెనక్కి కొట్టుకోదు, బండి ఎప్పుడు ఆగిందో తెలియదు. ఎక్కువ వదిలితే ముందు బండి దగ్గరకి జారిపోతారు కాబట్టి మొదట్లో ముందు బాగా ఖాళీ వదిలి ప్రయత్నించండి. ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి రోజూ. నాకు ఇది నమ్మకంగా రావడానికి ఏడాది పట్టింది, ఇప్పటికీ వారానికి రెండుసార్లు తప్పుతుంది.

ఏ కార్లు చూస్తున్నారో, రోజుకి ఎంత దూరం నడుపుతారో, అందులో ట్రాఫిక్ ఎంతో రాయండి. సీటు, పెడల్స్ అమరిక మీ ఎత్తుకి సరిపోతాయో లేదో టెస్ట్ డ్రైవ్‌లో ఎలా చూసుకోవాలో అప్పుడు చెప్తాను.